అది బోర్డు కాదు వదినా

ఒకటే ఉంది. పైకి జరిపి చూసింది, కిందికి జరిపి చూసింది, సందుల్లోంచి మిగతావి జారిపడతాయేమో అన్నట్టు ల్యాప్‌టాప్‌ని కాస్త వంచి కూడా చూసింది. ఒకటే ఉంది. తెల్లటి స్లయిడు ఒక్కటి, దాని నెత్తిన ‘ప్రశ్నలు’ అని లావుపాటి అక్షరాలు, కింద నాలుగు ప్రశ్నలు, మూలన ఎర్రగా, బొద్దుగా, సిగ్గూ శరం లేకుండా ఒక గుండె బొమ్మ. మిగతావి ఏవి? వారం రోజులుగా సాయంత్రాలు వంటగది బల్ల దగ్గర కూర్చుని, నడుము పడిపోయేలా, కళ్ళు మంటలెత్తేలా చేసిన మిగతా స్లయిడ్లు ఏవి? గుండె అంటే ఏమిటి, అది ఏది? గుండెలో గదులు, అది ఏది? కవాటాలు, ధమనులు, సిరలు, రక్తం పోయే దారి, వచ్చే దారి, ఇవన్నీ ఏ గంగలో కలిశాయి? ‘ఓసి నీ మొహం మండా!’ అని అరవబోయింది టీచరమ్మ. ఆ అరుపు గొంతు దాకా వచ్చి, అక్కడ డాక్టరు వేసిన తాళం చూసి, తిరిగి కిందికి దిగి, కడుపులో చతికిలబడింది. ఈ నెలన్నరగా అక్కడ అలాంటివి చాలానే కూర్చుని ఉన్నాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, మోచేతులతో పొడుచుకుంటూ, మధ్యాహ్న భోజనం గంట కొట్టాక కుళాయి దగ్గర పిల్లల్లాగా.

ఈ పీరియడు ఖాళీ, అందుకే స్టాఫ్‌రూములో ఉంది. తర్వాతి గంట కొట్టగానే తొమ్మిదో తరగతి. ఆఖరి బెంచీలో పెద్దమేడమ్ వచ్చి కూర్చుంటుంది. పెద్దమేడమ్ మంచిదే, ఆ మంచితనం చూస్తేనే ఒళ్ళు మండేది. గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చి మరీ చెప్పింది కదా, “మీ సెలవులన్నీ అయిపోయాయి. పిల్లల పరీక్షలు దగ్గరికొస్తున్నాయి. నోరు విప్పకుండా తెర మీద చూపించి పాఠం నడపగలనంటే నడపండి, శుక్రవారం నేనొచ్చి కూర్చుంటా. కుదరకపోతే ఏం పర్లేదు, సోమవారం నుంచి ఆఫీసులో కూర్చుందురుగాని.” ఏం పర్లేదట! డ్రాయింగ్ టీచరు చెయ్యి విరిగినప్పుడు కూడా ఏం పర్లేదనే ఆఫీసులోకి పంపారు. చెయ్యి ఎప్పుడో అతుక్కుంది, ఆవిడ మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది, బీరువా పక్కన, ఫ్యాను గాలి తగలని మూలలో, కవర్లకు జిగురు రాసుకుంటూ. పిల్లలు ఆవిణ్ణి ఇప్పుడు ఆఫీసు మేడమ్ అంటున్నారు. ఒకప్పుడు ఆవిడ గోడ మీద గీసిన నెమలిని చూడటానికి పక్క స్కూలు వాళ్ళు వచ్చేవాళ్ళని వాళ్ళకేం తెలుసు? తను మాత్రం చచ్చినా ఆ జిగురు సీసా ముట్టుకోదు. కానీ ముట్టుకోకుండా ఉండాలంటే తెర మీద చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, ఏదీ, ఎక్కడుంది, ఎవరెత్తుకుపోయారు?

గొంతు కూడా ఇలాగే పోయింది, చెప్పాపెట్టకుండా. ఒకరోజు ఉదయం లేచి ‘ఏమండీ, పాలు పొంగుతున్నాయి’ అనబోతే పాత తలుపు కిర్రుమన్న చప్పుడొచ్చింది. ఆ డాక్టరు, చూడబోతే తన దగ్గర చదువుకున్న పిల్లాడంత ఉన్నాడు, గొంతులోకి సన్నటి గొట్టం దింపి, పక్కనున్న తెర మీద చూపించాడు, ఇవిగోండి, ఇక్కడ బుడిపెలు, అరిచి అరిచి కాయలు కాసినట్టు కాశాయి అని. అతనికీ ఒక తెర, ప్రపంచంలో ప్రతివాడికీ ఒక తెర. మూడు నెలలు మాట్లాడొద్దు, గుసగుస అసలే వద్దు, మాట్లాడితే కత్తి పెట్టాలి, పెట్టాక పాత గొంతు వస్తుందని హామీ ఇవ్వలేను అన్నాడు. మెళ్ళో మైకు తగిలించుకుని మెల్లగా చెప్పుకోవచ్చుగా అన్న మహానుభావులున్నారు. మైకుకైనా నోరు తెరవాలి కదర్రా, గొంతు లేనిదే మైకు దేన్ని పెద్దది చేస్తుంది? అయినా తనకి మైకేమిటి, తన పేరే మైకు. మైకు టీచర్. తెలియదనుకుంటారు పిల్లలు. ప్రయోగశాలలో కూర్చుని పాఠం చెప్తే సైకిళ్ళ షెడ్డులో వాచ్‌మన్ రక్తప్రసరణ నేర్చుకున్నాడని పేరు. ‘ఏయ్, మూడో బెంచీ!’ అంటే పక్క గదిలో మూడో బెంచీ కూడా లేచి నిలబడేది. ఆ గొంతుతో ఎంతమందిని కూర్చోబెట్టింది, ఎంతమందిని నిలబెట్టింది, ఇప్పుడు ఒక అణాకానీ పెట్టె ముందు మూగెద్దులా కూర్చుంది.

పెట్టె అంటే మరిదికి కోపం. “పెట్టె కాదు వదినా, ల్యాప్‌టాప్.” వీడొకడు. ఆయనకి తమ్ముడు, ఇంట్లో అందరికీ చిన్నోడు, తను కాపురానికొచ్చేనాటికి బూటు లేసు కట్టుకోవడం రాని వెధవ. ఎక్కాలు చెప్పింది తను, చెవి మెలేసింది తను, ఇప్పుడు వాడు నీళ్ళు శుభ్రం చేసే యంత్రాలమ్మే కంపెనీలో చేరి, ఊళ్ళు తిరుగుతూ నలుగురి ముందూ తెర మీద బొమ్మలు చూపించి మాట్లాడే ఘనుడయ్యాడు. “నేను నేర్పిస్తాగా వదినా, ఇదేమన్నా బ్రహ్మవిద్యా, పిల్లలు కూడా చేసేస్తున్నారు” అన్నాడు. అన్నాడు బాగానే ఉంది, నేర్పేది ఫోన్లో. రోజూ ఏదో ఊళ్ళో, ఏదో లాడ్జి గదిలో మంచమ్మీద పడుకుని వాడు, ఇక్కడ వంటగది బల్ల దగ్గర తను. తను మాట్లాడకూడదు కాబట్టి చెంచా పట్టుకోవాలి. అవునంటే బల్ల మీద ఒక్క దెబ్బ, కాదంటే రెండు. ఆ ఏర్పాటు కూడా వాడిదే. కొత్తల్లో సరదాగానే ఉంది. “వదినా, తెరిచావా?” టక్. “బాక్సు కనిపించిందా?” టక్. “దాని మీద నొక్కావా?” టక్. “రాస్తున్నావా?” టక్ టక్. “ఎందుకు రాయట్లేదు?” దీనికేం కొట్టాలి? ఎందుకు అనేదానికి చెంచా భాషలో మాట లేదు. టైపు చేసి చెబుదామంటే ఒక అక్షరం వెతుక్కునేలోపు వాడు ఆవలించి తర్వాతి మెట్టుకి పోతాడు. రైట్ క్లిక్ వదినా, రైట్ క్లిక్, కుడి చెయ్యి కాదు వదినా, మౌసుకి కుడి. చెంచా నేలకేసి కొట్టిన రోజులున్నాయి, దాన్ని వాడు అవును అనుకున్నాడు.

ఏం సుఖం ఉందని ఈ స్లయిడ్లలో, ఏం సుఖం? బాక్సు మధ్యలో నొక్కితే రాయనిస్తుంది, అంచు మీద నొక్కితే పారిపోతుంది. కాస్త ఎడమకి జరుగు తల్లీ అంటే తెర బయటికి పోయి కూర్చుంటుంది, తోక మాత్రం కనిపిస్తుంది. ఒక వాక్యం రాసి కిందికి దిగితే ముందు ఒక చుక్క పెట్టుకుంటుంది, ఎవరు పెట్టమన్నారు నిన్ను? చుక్క తీసేస్తే వాక్యం గోడ దాకా జరిగిపోతుంది. ఇంకో వాక్యం రాద్దామంటే అక్షరాలు వాటంతటవే చిన్నవైపోతాయి, మాస్టారు రాగానే ముడుచుకున్న పిల్లల్లా. బోసిగా ఉంది రంగెయ్యి వదినా అంటే వేసింది, వంకాయ రంగు మొత్తం పరుచుకుని అక్షరాలు కనిపించకుండా పోయాయి. అక్షరాలు కదిలేట్టు చెయ్యొచ్చు తెలుసా అన్నాడు. తెలియక పాపం చేసింది, ‘ఎడమ జఠరిక’ గిరగిరా తిరుగుతూ వచ్చి, మధ్యలో పల్టీ కొట్టి నిలబడింది. దాన్ని ఆపడానికి ఒక సాయంత్రం పట్టింది. ఇక ఆ గుండె! గుండె బొమ్మ కావాలి, ఉందా అని వెతికితే ఉంది, బొమ్మల పట్టీలో నక్షత్రం పక్కన, మెరుపు పక్కన. ఆశగా నొక్కింది. ఏం వచ్చింది? బెంచీల మీద పిల్లలు చెక్కుతారే, బాణం గుచ్చి అటో అక్షరం ఇటో అక్షరం రాస్తారే, ఆ గుండె వచ్చింది! ఇన్నేళ్ళుగా ‘ఇది గుండె కాదురా, గుండె పిడికిలంత ఉంటుంది, ఛాతీలో కొంచెం ఎడమకి ఒరిగి ఉంటుంది, తమలపాకు కాదు’ అని ఎంతమంది చేత గరుకు కాగితంతో బెంచీలు రుద్దించింది! చెరిపేద్దామంటే పోదు. మీట నొక్కితే చుట్టూ చుక్కలు తొడుక్కుని ఇంకా పెద్దదవుతుంది. పీడా పోయె, మూలకి తోసేసి ఊరుకుంది. అన్నీ పోయిన చోట అదొక్కటి నిక్షేపంలా మిగిలింది చూడు!

ఇంట్లో ఆయన గోల ఇంకోటి. ఇరవయ్యేళ్ళుగా ఊఁ, ఆఁ తప్ప మాట్లాడని మనిషి, ఈ నెలన్నరగా ఎక్కడ దాచుకున్నాడో ఏమో, సాయంత్రం చెప్పులు విప్పుతూనే మొదలెడతాడు. బస్సులో ఎవరో ఎవరి కాలు తొక్కారట, తొక్కినవాడు ఇలా అన్నాడట, తొక్కించుకున్నవాడు అలా అన్నాడట, కండక్టరు ఏమన్నాడో చెప్పబోయే ముందు మంచినీళ్ళు తాగుతాడు. చాలు మహాప్రభో అనే మాట నాలుక చివర నిలబడి వణుకుతుంటుంది. రెండుసార్లు చెంచా కొడితే, అంటే వద్దు అని, “ఇంకోసారి చెప్పనా?” అంటాడు. నీళ్ళ గ్లాసు చూపించి కొడితే ఉప్పు డబ్బా తెస్తాడు. పైగా ఎంత సంతోషంగా ఉన్నాడో! ఆ మొహంలో వెలుగు చూస్తే కొట్టాలనిపిస్తుంది, మళ్ళీ వెంటనే జాలేస్తుంది, ఇన్నేళ్ళూ నేనే మాట్లాడేశానా ఈయన వాటా కూడా అని. ఇదిగో ఇలా జాలిపడుతూనే ఒకరోజు స్లయిడు మీద ‘ధమనులు’ అని రాయాల్సిన చోట ‘కండక్టరు’ అని రాసింది, మళ్ళీ చెరిపింది.

చెరిపింది. ఆ మాట దగ్గర టీచరమ్మ వేళ్ళు మౌసు మీద ఆగాయి. చెరిపింది కదా. కండక్టర్ని చెరిపింది, తర్వాత ధమనులు రాసింది, తర్వాత అది బాగుందనుకుని కాసేపు చూసుకుంది, ఆపైన ఏం చేసింది? ఏం చేస్తారు ఎవరైనా, బోర్డు నిండితే? ఎడమ చేతివైపు పైన తారీకు, మధ్యలో పాఠం పేరు, బొమ్మ, రంగు సుద్దలు, కుడివైపు అంచు దాకా కఠిన పదాలు, ఇక చోటు లేదు. అప్పుడు వెనక్కి తిరిగి ‘రాసుకున్నారా?’ అనాలి. ‘రాసుకున్నాం టీచర్’ అంటారు. ‘చెరిపెయ్యనా?’ ‘చెరిపెయ్యండి టీచర్.’ గుడ్డ తీసి చెరిపేసి, మిగతాది రాయడం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో రోజూ చేసింది అదే కదా. చిన్నోడు కూడా అదే అన్నాడు కదా, “అయ్యిందా వదినా?” అంటే ఒక్క దెబ్బ కొట్టింది. “సరే, తర్వాతది మొదలెట్టు. దాచడం గురించి దిగులు పడకు, నువ్వు చేసేదంతా ఎప్పటికప్పుడు అదే దాచుకుంటుంది.” పైన చిన్న అక్షరాల్లో ‘దాచబడింది’ అని పడేది కూడా. మనసులో అడిగేది తను, రాసుకున్నావా? దాచబడింది. చెరిపెయ్యనా? మొత్తం మీద నీలం రంగు పరిచి, ఒక్క మీట. మూలన ఆ గుండె తప్ప, శుభ్రంగా, తెల్లగా, కొత్త బోర్డు. ఎంత హాయిగా ఉండేదో ఆ తెలుపు! ఆ ఒక్క పనే ఈ పెట్టెలో తనకు వచ్చినట్టుండేది. చూపించే రోజున బాణం గుర్తు నొక్కుతుంటే పాతవన్నీ వరసగా వస్తాయి, పిల్లలు నోటుపుస్తకం పేజీ వెనక్కి తిప్పి చూపించినట్టు, అనుకుంది. ఇదేం పిల్లాడు మరి, ఆఖరున రాసిందొక్కటీ ఉంచుకుని మిగతాదంతా మర్చిపోయాడు! అడగాల్సింది, అడిగి ఉండాల్సింది. కానీ అడగడానికి అక్కడ ఒక ప్రశ్న ఉందని తెలిస్తే కదా అడగడం.

“ఏమైంది మేడమ్, మొహం అలా పెట్టారు?” లెక్కల మాస్టారు. ఇంతసేపూ కిటికీ పక్కన, మొహం మీద పేపరు కప్పుకుని నిద్రపోయిన మనిషి, సరిగ్గా ఇప్పుడే లేవాలా? టీచరమ్మ తెర వైపు చూపించింది, అరచేతులు రెండూ తిప్పి ఖాళీ అంది. “హ్యాంగయిందా? అంతే మేడమ్ ఇవి. ఇటివ్వండి.” వద్దు, వద్దు, బల్ల మీద రెండు దెబ్బలు, ఇంకో రెండు. ఈయనకి ఆ భాష రాదు. టక్ టక్ అంటే త్వరగా కానివ్వమని అనుకున్నట్టున్నాడు, చొక్కా చేతులు పైకి మడిచాడు. ఈయనకి తెలిసిన వైద్యం ఒక్కటే, ఆపి మళ్ళీ పెట్టడం. గంట మోగకపోయినా, మోటారు తిరగకపోయినా, ఆఖరికి అల్లుడు మాట్లాడకపోయినా ఈయన సలహా అదే. తెర నల్లగా అయిపోయింది. మళ్ళీ వెలగడానికి, పాటొకటి పాడుకుంటూ, చక్రం ఒకటి తిప్పుకుంటూ, దాని ఇష్టమొచ్చినంత సేపు తీసుకుంది. వెలిగాక ఫైలు తెరిచి మాస్టారు సంతోషంగా అన్నాడు, “ఇదిగో, వచ్చింది చూశారా?” వచ్చింది. ‘ప్రశ్నలు’. గుండె. టీచరమ్మ చేతులు జోడించి దండం పెట్టింది. ఆయన దాన్ని కృతజ్ఞత అనుకుని, “దానిదేముంది లెండి” అంటూ మళ్ళీ పేపరు కప్పుకున్నాడు.

ఇక లాభం లేదని ఫోన్లో రెండు మాటలు కొట్టింది, ‘అన్నీ పోయాయి’. చిన్నోడు వెంటనే చేశాడు. వెనకాల ఎవరో యంత్రం మీద సుత్తితో కొడుతున్న చప్పుడు. “పోయాయంటే? ఫైలు పోయిందా?” లంచ్ డబ్బాలోంచి చెంచా తీసి రెండు దెబ్బలు. “ఫైలుంది. స్లయిడ్లు పోయాయా?” టక్. “అన్నీనా?” టక్ టక్. “ఒకటుందా?” టక్.  వెనకాల సుత్తి చప్పుడు ఆగింది. “వదినా, ఒకటడుగుతా. ఒకటయ్యాక ఇంకోటి చేసేటప్పుడు, ఎడమవైపు పైన ‘కొత్త స్లయిడ్’ అని ఉంటుంది, అది నొక్కేదానివా?” టక్ టక్. “మరి... ఉన్నదాన్నే చెరిపేసి, దాని మీదే రాశావా?” చెంచా పైకి లేచి అక్కడే ఆగింది. ఇంత చిన్న దెబ్బ కొట్టడానికి ఇంత బరువేమిటి? టక్. “అన్నిసార్లూ?” టక్. “అది బోర్డు కాదు వదినా!” అని, ఇక పట్టలేక నవ్వాడు. నవ్వు, నవ్వరా, నవ్వు! నీ దగ్గర కాకపోతే ఎవరి దగ్గర నవ్వుతావు, ఏడో ఎక్కం దగ్గర నేను నవ్వానా, తొమ్మిదేళ్ళొచ్చాక కూడా చీకట్లో నా చీరకొంగు పట్టుకుని నడిచేవాడివి, అప్పుడు నవ్వానా? కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే అనుకుంది, కోపంతోనే. ఏం వినిపించిందో వాడికి, ఏమీ వినిపించకపోవడమే వినిపించిందేమో, నవ్వు ఠక్కున ఆగిపోయింది. “సారీ వదినా. ఏడుస్తున్నావా?” టక్ టక్. “అబద్ధం. సరే, కంగారుపడకు, ఆ ఫైలు ఇంకా మూయలేదుగా? మూయకపోతే వెనక్కి బాణం నొక్కుతూ పోతే చెరిపినవి కొన్నన్నా తిరిగొస్తాయి.” మూయలేదుగా అంటే అవును మూయలేదు అనాలా, కాదు మూశాం అనాలా, దీనికి ఎన్ని దెబ్బలు? టీచరమ్మ పేపరు కింద గుర్రు పెడుతున్న లెక్కల మాస్టారి వైపు చూసింది. ఆ చెంచాతోనే ఆయన నెత్తి మీద ఒక్కటిస్తే అది అవునో కాదో ఆయనే చెప్పేవాడు.

“మూసేశారన్నమాట” అన్నాడు చిన్నోడు తనే. “క్లాసు ఇప్పుడేనా?” టక్. “పెద్దమేడమ్ వస్తుందా?” టక్. “సరే, పోయినవి పోయాయి. ఎడమవైపు పైన చూడు, కొత్త స్లయిడ్ అని ఉందా? నొక్కు.” నొక్కింది. ‘ప్రశ్నలు’ కింద, దానికి ఏ ప్రమాదమూ జరక్కుండా, ఇంకో తెల్ల స్లయిడు వచ్చి నిలబడింది. ఇంతేనా? మళ్ళీ నొక్కింది. ఇంకోటి. వారం రోజులు కళ్ళెదుటే ఉందే ఇది, దాని పక్కనుంచే అటూ ఇటూ తిరిగిందే! ఎన్నిసార్లు నొక్కితే అన్ని, విసుక్కోకుండా, ఎన్నైనా ఇస్తూనే ఉంది. సుద్దముక్క అరిగిపోతుందని పొదుపుగా రాసే అలవాటు తనది, కింది వరసలో చోటు మిగలాలని అక్షరాలు కుదించే అలవాటు తనది, ఇక్కడేమో ఇంత తెలుపు పడుంది, తనే అడిగిన పాపాన పోలేదు. సరే, మొదటిది, గుండె అంటే ఏమిటి. గు. గ ఎక్కడ? ఇది. ఉకారం ఎక్కడ? కిటికీలోంచి చూస్తే వాచ్‌మన్ లేచి, ఒళ్ళు విరుచుకుని, గంట వైపు నడుస్తున్నాడు. వద్దురా బాబూ, కాసేపు కూర్చో, రక్తప్రసరణ నేర్పాను నీకు, ఆ కృతజ్ఞత కూడా లేదా?

“వదినా, ఇప్పుడు టైపు చేస్తూ కూర్చోకు” అన్నాడు చిన్నోడు, ఆ టకటకలు విని కాబోలు. “నేనొకటి నీ ల్యాప్‌టాప్‌కి పంపిస్తున్నా. వచ్చిందా? దాన్ని ఆ ప్రశ్నలున్న స్లయిడులోనే పెట్టు. పైన చేర్చు అని ఉంటుంది చూడు, అందులో స్పీకరు గుర్తు.” ఏమిటది? రెండు దెబ్బలు. “ఏమిటని అడగకు, అడగలేవు కూడా. నొక్కగానే వినిపిస్తుంది, అక్కడ నొక్కకు, క్లాసులో నొక్కు. నువ్వు పెట్టినవి నా దగ్గర చాలా ఉన్నాయిలే. ఒక్కటీ చెరపలేదు.” ఏం పెట్టాను నేను, ఏం చెరపలేదు వీడు, మళ్ళీ ఏం కొంప ముంచుతాడో! అయినా చేర్చు అన్నచోట చేర్చింది. స్పీకరు గుర్తు మీద నొక్కింది. ఏదో ఒక చిన్న కిటికీ తెరుచుకుని ఏవేవో అడిగింది, ఇది కావాలా అది కావాలా అని, అన్నిటికీ సరే, సరే, సరే. గుండె పక్కన బూడిద రంగు స్పీకరు బొమ్మ ఒకటి వచ్చి కూర్చుంది. ఎవరూ చెప్పకుండా, కుడి ఎడమల గొడవ లేకుండా, తనంతట తను చేసిన మొదటి పని. దాచబడింది అని పడింది పైన. నీ దాచడం తగలెయ్యా అనుకుంటూ మూత వేస్తుండగా గంట కొట్టేశారు.

తొమ్మిదో తరగతి గది. బోర్డు మీద తెల్లటి గుడ్డ కట్టారు, ఆ గుడ్డ కింద అంచున బెత్తెడు నలుపు కనిపిస్తోంది. ప్రొజెక్టరు దోమల గుంపులా రొద పెడుతోంది. పెద్దమేడమ్ ఆఖరి బెంచీలో ఇద్దరు పొడుగు పిల్లల మధ్య ఇరుక్కుని, పెన్ను మూత తీసి కూర్చుంది. పిల్లలు నిలబడి గుడ్‌మార్నింగ్ పాడారు, కూర్చోమని చెయ్యి ఊపింది, కూర్చున్నవాళ్ళు కూర్చున్నారు, మాట్లాడేవాళ్ళు మాట్లాడుతున్నారు. నెలన్నర కింద ఒక్క ‘ఏయ్’ చాలేది. ఇప్పుడు మూడో బెంచీ మూడో బెంచీలా ఉంది, కిటికీ దగ్గర వాళ్ళు ఏదో చేతులు మారుస్తున్నారు, ఆ గొడవ మెల్లగా పాలలాగా పొంగుతోంది, మూత తీసేవాళ్ళు లేరు. చూపించు, ఏదో ఒకటి చూపించు. తీగ తగిలించింది, నొక్కింది. గుడ్డ మీద ‘ప్రశ్నలు’ అని గోడంత అక్షరాలు, పక్కన బండి చక్రమంత ఎర్రటి ప్రేమ గుండె. క్లాసంతా ఒక్కసారిగా “ఓహోహో!” అంది. ఎవరో ఈల వేశారు. బెంచీలు రుద్దినవాళ్ళంతా బెంచీలు చరుస్తున్నారు. పెద్దమేడమ్ ఏదో రాసుకుంటోంది. అయిపోయింది. జిగురు సీసా, బీరువా పక్క మూల, ఆఫీసు మేడమ్.  చేతికందిన చోట, స్పీకరు గుర్తు మీద, పళ్ళు బిగించి నొక్కింది.

“ఒరేయ్ చిన్నోడా!”

గది అదిరింది. సైకిళ్ళ షెడ్డు దాకా అదిరే ఉంటుంది. ఈలలు వేసినవాళ్ళు, నిలుచున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే కూర్చుండిపోయారు, పక్క గదిలో కూడా చప్పుడు ఆగింది. తన గొంతు. బుడిపెల్లేని, తాళంలేని, నిండు గొంతు. ఇంత పెద్దదా ఇది, ఇంత కరుకుగా ఉండేదా, పాపం ఆయన! “కడుపునొప్పి లేదు, కాకరకాయ లేదు, ఎవడికిరా కథలు చెప్తున్నావు? ఉద్యోగంలో మొదటి రోజే పారిపోయి వస్తావా? ఇంటికి రా, కాళ్ళిరగ్గొడతా! భయమేస్తే వెయ్యనీ, ఎవరికెయ్యదు? నేను మొదటిసారి క్లాసుకెళ్ళినప్పుడు గుమ్మం దగ్గర్నుంచి వెనక్కొచ్చేశాను తెలుసా? వెళ్ళి వాళ్ళ ముందు నిలబడు, అంతే. మొదటి మాట రాకపోతే రెండో మాట నుంచి మొదలెట్టు. వాళ్ళేం నిన్ను తినెయ్యరు. నిలబడ్డావా? ఊఁ, కానియ్!”

ప్రొజెక్టరు రొద తప్ప ఇంకేం లేదు. ఎప్పుడో వాడి ఉద్యోగం మొదటి రోజున, పొయ్యి మీద కూర మాడుతుంటే, ఒక చేత్తో గరిటె పట్టుకుని ఫోన్లో వాయిస్ మెసేజీగా పెట్టిన తిట్లు. వాడు అవన్నీ దాచుకున్నాడు. టీచరమ్మ కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకుంటే తెలిసిపోతుంది. గుడ్డ కింది అంచు పట్టుకుని పైకి చుట్టేసి, మేకుకి తగిలించింది. ఎర్ర గుండె ఇప్పుడు నల్ల బోర్డు మీద మసగ్గా పడింది. సుద్దముక్క తీసుకుని దాని మీద ఈ చివర నుంచి ఆ చివరికి ఇంటూ కొట్టింది. “అది గుండె కాదా టీచర్?” అన్నారు ముందు బెంచీలో. సుద్దతో బోర్డు మీద రెండు దెబ్బలు, టక్ టక్. “గుండె అలా ఉండదా?” టక్ టక్. “పిడికిలంత ఉంటుందా?” టక్. చెంచా భాష ఇన్నాళ్ళయినా ఇంట్లో ఆయనకు రాలేదు, వీళ్ళకు ఒక్క నిమిషంలో వచ్చేసింది. నాలుగైదు చేతులు లేచాయి.

“ఒరేయ్ చిన్నోడా!” అంది పెట్టె మళ్ళీ.

అయ్యో, ఆ కిటికీ ఏదో అడిగితే సరే, సరే అంది కదా, మళ్ళీ మళ్ళీ పాడమంటావా అని అడిగిందేమో దిక్కుమాలినది! పరుగున వెళ్ళి ఒక మీట నొక్కింది, ఆగలేదు. ఇంకోటి నొక్కింది, ‘ప్రశ్నలు’ పల్టీ కొట్టింది. కడుపునొప్పి లేదు, కాకరకాయ లేదు. పిల్లలు నోళ్ళు మూసుకుని, భుజాలు ఊగేలా నవ్వుతున్నారు. వెళ్ళి వాళ్ళ ముందు నిలబడు. తీగ పీకేద్దామా? పీకితే మళ్ళీ వెలగడానికి ఎంతసేపు పడుతుందో, లెక్కల మాస్టారు వచ్చి చొక్కా చేతులు మడుస్తాడేమో. రెండో మాట నుంచి మొదలెట్టు. నెత్తి కొట్టుకుని, పోతే పోనీ అనుకుని, సుద్దముక్కతో బోర్డు దగ్గరికే తిరిగొచ్చింది. “నిలబడ్డావా?” అంది పెట్టె. తర్వాతి మాట అది అనేలోపు, మూడో బెంచీ, కిటికీ బెంచీ, ఈల వేసినవాడు, గదంతా కలిసి, ఆ గొంతుతోనే, ఆ ‘ఊఁ’ని అంతే సాగదీసి,

“ఊఁ, కానియ్!” అన్నారు.

ఆఖరి బెంచీలో పెద్దమేడమ్ పెదవులు కూడా కదిలాయి. టీచరమ్మ బోర్డుకి ఎడమవైపు పైన తారీకు వేసి, కొంచెం ఎడమకి ఒరిగేలా గుండె గీయడం మొదలుపెట్టింది.